పూలమొక్కల మాడు తెగుళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పూలమొక్కలు పెంచేవాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినే మాట ఇది: "నిన్నటిదాకా బాగానే ఉందండీ, పొద్దున చూస్తే మాడిపోయింది. ఏ మందు కొట్టాలి?" మందుల సంగతి కింద చెప్పాను. అంతకన్నా ముందు మీ మొక్క ఆకుల మీద, పువ్వుల మీద తడి ఎన్ని గంటలు నిలుస్తోందో ఒకసారి గమనించండి. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఆ తడే.

మాడు తెగులు అంటే ఏమిటి? ఆకుమచ్చ తెగులూ ఇదీ ఒకటేనా?

ఆకుమచ్చ తెగులులో మచ్చలు విడివిడిగా ఉంటాయి, వాటి మధ్య ఆకు పచ్చగానే ఉంటుంది. మాడు తెగులులో మచ్చలు త్వరత్వరగా పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆకో, చిగురో, పువ్వో మొత్తంగా చచ్చిపోతుంది. నిప్పు సెగ తగిలినట్టు కనిపిస్తుంది. ఇది ఒక్క జబ్బుకు పెట్టిన పేరు కాదు, జబ్బు కనిపించే తీరుకు పెట్టిన పేరు. వెనక ఉన్న శిలీంధ్రం ఒక్కో మొక్కలో ఒక్కోటి కావచ్చు. అందుకే ఒకరి గులాబీకి పనిచేసిన మందు ఇంకొకరి బంతికి పనిచేయదు.

ఎండకు మాడిందా, నీళ్లు చాలక ఎండిందా, తెగులు పట్టిందా? ఎలా తెలుసుకోవాలి?

ఎండదెబ్బ సూర్యుడి వైపున్న ఆకుల మీదే కనిపిస్తుంది. ఒక్కసారిగా వస్తుంది, మర్నాటికి పెరగదు. నీళ్లు చాలకపోతే మొక్కంతా వాలిపోతుంది, ఆకుల అంచులు ఒకే తీరుగా ఎండుతాయి. తెగులు అలా కాదు. సాధారణంగా కింది ఆకుల్లోనో, గుబురు లోపల గాలి ఆడని చోటో, వాడిన పువ్వు రాలి పడి అతుక్కున్న ఆకు మీదో మొదలై అక్కణ్నుంచి పాకుతుంది. మచ్చ చుట్టూ పసుపు అంచు ఉండొచ్చు, లోపల వలయాలు ఉండొచ్చు.

అనుమానం తీరకపోతే ఒక చిన్న పని చేయండి. తెగులు కనిపిస్తున్న ఆకునో పువ్వునో కోసి, తడిపి పిండిన కాగితంతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టండి. ఎండ తగలని చోట రెండు మూడు రోజులు ఉంచండి. మచ్చ మీద బూడిద రంగు నూగో, తెల్లటి దారాలో వస్తే శిలీంధ్రమే అనుకోవడానికి గట్టి ఆధారం దొరికినట్టే. చచ్చిన ఆకు మీద మామూలు బూజు కూడా పెరుగుతుంది కాబట్టి, సగం పచ్చగా ఉన్న తాజా భాగాన్నే పరీక్షకు తీసుకోండి.

ఇంకొక జాగ్రత్త. గులాబీ కుటుంబానికి చెందిన పైరకాంతా, కోటోనియాస్టర్ లాంటి అలంకరణ పొదల్లో చిగురు నల్లబడి గొడుగు కర్రలా వంగిపోతే, అది ఎర్వీనియా అనే బ్యాక్టీరియా తెచ్చే తెగులు కావచ్చు. దానికి శిలీంధ్రనాశిని ఎంత కొట్టినా దండగే. జబ్బు పట్టిన కొమ్మను బాగా కిందికి కత్తిరించడమే అక్కడ ముఖ్యమైన పని.

ఒక్క రాత్రిలో ఎలా మాడిపోయింది?

ఒక్క రాత్రిలో మాడలేదు. మనకు ఒక్క రాత్రిలో కనిపించింది, అంతే. గాలిలో వచ్చిన శిలీంధ్ర బీజం ఆకు మీద వాలుతుంది. అక్కడ తడి లేకపోతే చాలా రకాల బీజాలు ఏమీ చేయలేవు. తడి ఉంటే మొలకెత్తి సన్నటి దారం లాంటిది చాచి, ఆకు పైపొరను చీల్చుకునో, గాయాల గుండానో, ఆకు రంధ్రాల గుండానో లోపలికి వెళ్తుంది. దీనికి కొన్ని గంటల పాటు ఆరని తడి కావాలి. సాయంత్రం తలమీంచి నీళ్లు పోసినా, రాత్రంతా మంచు కురిసినా, రెండు రోజులు ముసురు పట్టినా ఆ అవకాశం దొరుకుతుంది. లోపలికి వెళ్లాక కొన్ని రోజులు బయటికి ఏమీ కనబడదు. మచ్చ కనబడే వేళకు ఆ ఆకు లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది. మాడిన ఆకును ఏ మందూ పచ్చగా చేయలేదు. మందు కాపాడేది మిగిలిన ఆకుల్నే.

గులాబీ మొగ్గలు విచ్చుకోకుండానే గోధుమరంగుకు తిరిగి కుళ్లుతున్నాయి. ఎందుకు?

చాలావరకు అది బొట్రైటిస్ సినీరియా అనే శిలీంధ్రం, దాన్నే బూడిదరంగు బూజు అంటారు. మొగ్గ తల వాల్చేస్తుంది, బయటి రేకులు గోధుమరంగులో మెత్తబడతాయి, తేమ ఎక్కువైతే మీద బూడిద రంగు నూగు కనిపిస్తుంది. ఆ కొమ్మను కదిలిస్తే నూగులోంచి సన్నటి పొగలా బీజాలు లేస్తాయి. తెల్లని, లేత రంగు రేకుల మీద మొదట చిన్న గులాబీరంగు చుక్కలుగా కూడా కనిపించవచ్చు.

బొట్రైటిస్ అనే పేరు ద్రాక్షగుత్తి అనే అర్థమున్న గ్రీకు మాటలోంచి వచ్చింది. సూక్ష్మదర్శినిలో దీని బీజాలు అచ్చం గుత్తుల్లాగే కనిపిస్తాయి. 1729లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త మికేలీ ఈ పేరు పెట్టాడు. బూజులు వాటంతటవే పుట్టుకొస్తాయని లోకం నమ్మే రోజుల్లో, బీజాలను కర్బూజా ముక్కల మీద వేసి మళ్లీ అవే బూజులు మొలుస్తాయని చూపించినవాడూ ఆయనే.

ఇది 200కు పైగా మొక్కజాతుల మీద బతుకుతుంది. గులాబీ, చామంతి, జెర్బెరా, పెటూనియా, జెరేనియం, బిగోనియా, సైక్లమెన్, ఏదీ దీనికి కొత్త కాదు. దీనికి బాగా ఇష్టమైన వాతావరణం చల్లటి తేమ, సుమారు 15 నుంచి 22 డిగ్రీల సెల్సియస్. ఎండలు ముదిరితే తగ్గుతుంది.

దీని స్వభావంలో మనకు బాగా పనికొచ్చే విషయం ఒకటుంది. బలంగా ఉన్న పచ్చటి ఆకును ఇది నేరుగా పట్టుకోవడం తక్కువ. వాడిన పువ్వు, విరిగిన కొమ్మ కొన, ముదిరి పసుపెక్కిన ఆకు, ఇలా ప్రాణం తగ్గిన చోట ముందు కాలు పెట్టి, అక్కడ బలం పుంజుకుని పక్కనున్న మంచి భాగంలోకి వెళ్తుంది. కాబట్టి వాడిన పువ్వును మొక్క మీద ఉంచకపోవడమే బొట్రైటిస్‌కు మొదటి వైద్యం. రోజూ ఐదు నిమిషాలు వాడిన పువ్వులు తుంచేస్తే చాలు, మందు సీసా మూత తీయాల్సిన అవసరం చాలాసార్లు రాదు. దీని ఫలితం నేను కళ్లారా చూశాను. ఒక చలికాలం పని ఒత్తిడిలో పదిహేను రోజులు వాడిన పువ్వులు తీయలేకపోయాను. దానికి తోడు సాయంత్రాలు పైనుంచి నీళ్లు పోశాను. వరసగా పెట్టుకున్న చామంతి కుండీలన్నీ పోయాయి. మరుసటి ఏడు అవే రకాలు పెట్టి, పూలు తుంచుతూ, పొద్దున పాదులోకే నీళ్లు పోస్తూ వచ్చాను. తెగులు ఒకటి రెండు పువ్వులతో ఆగిపోయింది.

బంతి, జినియా ఆకులు గోధుమరంగు వలయాలతో మాడుతున్నాయి. ఇదీ అదేనా?

కాదు. ఇది ఆల్టర్నేరియా అనే ఇంకో శిలీంధ్రం. మచ్చలో ఒకదానిలో ఒకటిగా గుండ్రటి గీతలు కనిపిస్తే మొదట దీన్నే అనుమానించాలి. బంతి మీద ఒక జాతి, జినియా మీద ఇంకో జాతి వస్తాయి. బొట్రైటిస్‌లా చలి కోసం చూడదు, వెచ్చటి వాతావరణంలో వాన పడితే బాగా పెరుగుతుంది. జినియాలో ఇది విత్తనంతో పాటే వస్తుంది. తెగులు పట్టిన మొక్క నుంచి విత్తనాలు తీసి దాచుకుంటే, వచ్చే ఏటి తెగులును కూడా దాచుకున్నట్టే.

చామంతి పువ్వు ఒక పక్క మాత్రమే కుళ్లుతోంది. అలా ఎందుకు?

చామంతికి ప్రత్యేకంగా వచ్చే రేకుల మాడు తెగులు ఇది. పువ్వు సగం బాగుండి, సగం గోధుమరంగులో ముడుచుకుపోవడం దీని గుర్తు. 1904లో అమెరికాలోని నార్త్ కెరొలైనాలో దీన్ని మొదట గమనించారు. పువ్వుతో ఆగకుండా తొడిమలోకి దిగితే మెడ నల్లబడి పువ్వు వాలిపోతుంది. జబ్బు మొక్కల నుంచి తీసిన కత్తిరింపులతో కొత్త చోట్లకు పాకుతుంది కాబట్టి, అలాంటి మొక్కల నుంచి పిలకలు, కొమ్మలు తీసుకోకండి.

నేలకు ఆనుకున్న చోట కాండం చుట్టూ తెల్లటి దారాలు, వాటి మీద ఆవగింజల్లాంటివి ఉన్నాయి. అవి పురుగు గుడ్లా?

గుడ్లు కావు. స్క్లెరోషియం రోల్ఫ్సి అనే శిలీంధ్రం తన విత్తనాల్లా దాచుకునే గట్టి ఉండలు. మొదట తెల్లగా ఉండి, తర్వాత ఆవగింజ రంగులోకి మారతాయి. ఈ శిలీంధ్రాన్ని 1892లో అమెరికాలోని ఫ్లోరిడాలో టమాటా మొక్కల మీద రోల్ఫ్స్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. ఆయన పేరే దీనికి స్థిరపడింది. వందల జాతుల మొక్కల్ని పడుతుంది. మొదలు చుట్టూ కాండాన్ని కుళ్లబెడుతుంది కాబట్టి పైభాగం నీళ్లు అందనట్టు వాలిపోతుంది. చూసినవాళ్లు నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోస్తారు. ఈ పొరపాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే పక్క మొక్కలకు తెగులు పాకడానికి ఆ నీళ్లే సాయపడతాయి.

ఇది ఎండాకాలపు, వేడి నేలల తెగులు. 27 నుంచి 35 డిగ్రీల మధ్య చెలరేగుతుంది. ఆ ఉండలు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. జబ్బు మొక్కను వేళ్లతో, చుట్టూ ఒక జానెడు మట్టితో సహా ఎత్తి తీసేయాలి. మిగిలిన మొక్కల మొదళ్ల దగ్గర ఆకులు, చెత్త, పచ్చి ఎరువు ఉండకూడదు. శిలీంధ్రం ముందు వాటి మీద బతికి, తర్వాతే కాండం మీదికి వెళ్తుంది. నేల ఖాళీగా ఉంటే ఎండాకాలంలో మట్టిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. లోపల చేరిన వేడికి పైమట్టిలో ఉన్న శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి.

వానల్లో బిళ్ళగన్నేరు, పెటూనియా కొమ్మలు నల్లగా మారి వడలిపోతున్నాయి. కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని కొట్టినా ఆగలేదు. ఎందుకు?

అది ఫైటోఫ్తోరా అయి ఉంటుంది, కార్బెండజిమ్ దాని మీద పనిచేయదు. ఫైటోఫ్తోరా చూడటానికి శిలీంధ్రంలా ఉంటుంది కానీ నిజానికి శిలీంధ్రం కాదు. శిలీంధ్రాల కణగోడలో కైటిన్ అనే పదార్థం ముఖ్యం, దీని కణగోడలో ఉండేది మొక్కల్లో లాగా సెల్యులోజ్. పుట్టుక దృష్ట్యా ఇది గోధుమరంగు సముద్ర నాచులకు దగ్గరి బంధువు. ఈ పేరుకు గ్రీకులో మొక్కల్ని నాశనం చేసేది అని అర్థం. 1845లో ఐర్లాండ్‌లో బంగాళాదుంప పంటను తుడిచిపెట్టి కరువు తెచ్చింది ఈ ప్రజాతిదే.

దీని బీజాలకు తోకలుంటాయి, నీటిలో ఈదుతాయి. నీళ్లు నిలిచిన కుండీ, చిల్లు మూసుకుపోయిన కుండీ, కుండీ కింద నీళ్లు నిండిన పళ్లెం దీనికి ఈతకొలనులే. చిల్లు తెరవండి, పళ్లెం వంపేయండి, కుండీలను ఇటుకల మీద ఎత్తిపెట్టండి. మందు వాడాలనుకుంటే మెటలాక్సిల్ లాంటివి ఈ జాతికి పనిచేస్తాయి, మళ్లీ అవి బొట్రైటిస్ మీద పనిచేయవు. జబ్బేదో తెలియకుండా మందు కొట్టొద్దని అందరికీ పదే పదే చెప్పేది ఇందుకే.

కామెలియా, అజేలియా పువ్వులు మాత్రమే మాడి, ఆకులు బాగున్నాయి. ప్రమాదమా?

మొక్క చావదు, కానీ ఆ ఏటి పూల అందమంతా పోతుంది. కామెలియాను పట్టేది సైబోరీనియా అనే శిలీంధ్రం. 1919లో జపాన్‌లో వర్ణించారు, 1938లో కాలిఫోర్నియాలో కనిపించింది, తర్వాత న్యూజీలాండ్, ఐరోపా చేరింది. రాలిన పువ్వు అడుగున ఆకుపచ్చ తొడుగు తీసి చూస్తే, రేకుల మొదట్లో తెల్లటి, బూడిదరంగు ఉంగరంలా బూజు ఉంటుంది. మంచుకు మాడిన పువ్వులో అది ఉండదు. అజేలియాలో వచ్చేది ఓవులీనియా అనే ఇంకో శిలీంధ్రం. 1931లో అమెరికాలోని చార్ల్‌స్టన్ దగ్గర మొదట చూశారు. గుండుసూది తలంత చుక్కలుగా మొదలై, పువ్వు జిగురుగా మారి ఆకులకు అంటుకుని వేలాడుతుంది. రెండింటిలోనూ శిలీంధ్రం రాలిన పువ్వులోనే నల్లటి గట్టి ఉండగా మారి, నేలమీద పడుకుని, మళ్లీ పూలు పూసే రుతువులో లేస్తుంది. కాబట్టి రాలిన ప్రతి పువ్వునూ ఏరేయాలి. చెట్టు కింద పరిచిన ఎండుగడ్డి, ఎండుటాకుల పాత పొర తీసి కొత్తది పరచాలి.

తులిప్, లిల్లీల సంగతి?

వాటికి బొట్రైటిస్‌లోనే సొంత జాతులున్నాయి. దుంపలు నాటేటప్పుడు మీద నల్లటి చిన్న ఉండలున్నవి, మెత్తబడినవి పక్కన పెట్టేయండి. ఒకసారి తెగులు వచ్చిన చోట మూడేళ్లపాటు తులిప్ నాటకండి.

నీళ్లు ఎప్పుడు, ఎలా పోయాలి?

తెల్లారాక, ఎండ పొడిచే వేళ. పాదులోకి. ఆకుల మీద కాదు. పొద్దున పోసేటప్పుడు ఆకు తడిసినా గంటా రెండు గంటల్లో ఆరిపోతుంది. సాయంత్రం తడిసిన ఆకు మర్నాటిదాకా ఆరదు. ఒకవేళ సాయంత్రమే తీరిక దొరికితే పోయండి, కానీ చిన్న మూతి చెంబుతో మొదట్లో పోయండి.

వానను ఆపలేం. కానీ కుండీల్ని చూరు కిందికి జరపొచ్చు. మొక్కల మధ్య ఎడం పెంచొచ్చు. గుబురు లోపలి కొమ్మల్ని కొన్ని తీసేస్తే గాలి ఆడుతుంది. వాన చినుకు నేలమీద పడి ఎగిరినప్పుడు మట్టిలోని బీజాలు కింది ఆకులకు అంటుకుంటాయి కాబట్టి, మొదలుకు తగలకుండా ఎండుగడ్డి పరచడం, నేలకు తగిలే ఆకులు తుంచడం చాలా మేలు చేస్తాయి.

ఎరువుకూ తెగులుకూ సంబంధం ఉందా?

ఉంది. నత్రజని ఎక్కువైతే ఆకులు పెద్దవై, మెత్తగా, గుబురుగా పెరుగుతాయి. మెత్తటి కణజాలం తెగులుకు లోకువ, గుబురు తడిని పట్టి ఉంచుతుంది. తెగులు ఉన్నప్పుడు బలం కోసమని యూరియా వేయకండి.

జబ్బు భాగాన్ని ఎక్కడ కత్తిరించాలి? కంపోస్టులో వేయొచ్చా?

మచ్చ ఆగిన చోట కాదు. దానికి బెత్తెడు కింద, పచ్చటి కొమ్మలో, కణుపు పైన కోయండి. ఆకులు ఆరి ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి. మొక్కకూ మొక్కకూ మధ్య కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. బూజు పట్టిన పువ్వును కోసే ముందు మెల్లగా కవరు తొడిగితే బీజాలు ఎగరవు.

ఇంటి కంపోస్టు కుప్ప మామూలుగా అంత వేడెక్కదు. కుప్పంతా 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే తప్ప గట్టి ఉండలు చావవు. కవర్లో కట్టి చెత్తలో వేయండి.

ఏ మందు వాడాలి?

పైన చెప్పిన పనులన్నీ చేశాక, ఇంకా అవసరమైతేనే. మాంకోజెబ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటివి ఆకు మీద పొరలా ఉండి బీజాన్ని మొలవనీయవు. ముసురు పట్టకముందే కొడితేనే ఉపయోగం. కార్బెండజిమ్ ఆకు లోపలికి వెళ్తుంది కానీ, ఆల్టర్నేరియా మీదా, ఫైటోఫ్తోరా మీదా పనిచేయదు. మోతాదు సీసా మీదే చూసుకోండి. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. ఐరోపా సమాఖ్య 2019లో క్లోరోథలోనిల్ అనే ఇంకో శిలీంధ్రనాశినికి, 2020లో మాంకోజెబ్‌కు అనుమతి కొనసాగించకూడదని నిర్ణయించింది. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

ఒకే మందు వరసగా కొట్టొద్దు. కార్బెండజిమ్ కుటుంబానికే చెందిన బెనోమిల్ మార్కెట్లోకి వచ్చిన కొద్ది ఏళ్లకే, 1971లో నెదర్లాండ్స్‌లో సైక్లమెన్ మొక్కల మీది బొట్రైటిస్ దానికి లొంగడం మానేసినట్టు తేలింది. పనిచేసే తీరు వేరుగా ఉన్న మందుల్ని మార్చి మార్చి వాడండి.

బోర్డో మిశ్రమం ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఇది రాగితో చేసే శిలీంధ్రనాశిని. 10 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) అర లీటరు నీళ్లలో, 10 గ్రాముల మంచి సున్నం ఇంకో అర లీటరులో కలపండి. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రలే వాడండి. మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి పోస్తూ కలుపుతూ ఉండండి. వడకట్టండి. శుభ్రంగా రుద్దిన ఇనుప మేకును కాసేపు ముంచి తీసినప్పుడు ఎర్రటి పూత కనిపిస్తే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపాలి. చేసిన రోజే వాడేయాలి.

దీని కథ కూడా చెప్పాలి. 1880ల్లో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో, దారి పక్క ద్రాక్షతోటల్లో పళ్లు ఎవరూ కోయకుండా రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకే బూజు తెగులు రాకపోవడం మిల్లార్డే అనే శాస్త్రవేత్త గమనించి, ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించాడు. విప్పారిన పువ్వుల మీద మాత్రం చల్లకండి, మరకలు పడతాయి, రేకులు కాలొచ్చు. రాగి మట్టిలో పేరుకుపోతుంది కాబట్టి తరచుగానూ వద్దు.

బేకింగ్ సోడా పనిచేస్తుందా?

ఆకుల మీద తెల్లటి పొడి చల్లినట్టు కనిపించే బూడిద తెగులు మీద కొంత. అది వేరు, పైన చెప్పిన బూడిదరంగు బూజు వేరు. మాడు తెగుళ్లకు దాని మీద ఆధారపడొద్దు. ఎక్కువైతే ఆకులే మాడతాయి.

ట్రైకోడెర్మా ఎలా వాడాలి?

అది కూడా శిలీంధ్రమే, కానీ జబ్బు చేసే శిలీంధ్రాల మీద బతుకుతుంది. బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి, తేమ చల్లుతూ వారం పది రోజులు నీడలో ఉంచి, తర్వాత మట్టిలో వేయండి. మొదలు కుళ్లు, వేరు కుళ్లు రాకముందు వేస్తే మేలు. రాగి మందు గానీ, కార్బెండజిమ్ గానీ అదే సమయంలో మట్టిలో పోస్తే ఇదీ చచ్చిపోతుంది.

పూలున్నప్పుడు మందు కొడితే తేనెటీగలకు హాని కాదా?

విప్పారిన పువ్వుల మీద కొట్టకండి. తప్పనిసరైతే ముందు విచ్చిన పూలన్నీ కోసేసి, తెల్లవారుజామున, తేనెటీగలు రాకముందు ఆకులకు, మొగ్గలకు మాత్రం చల్లండి. ఎండ వచ్చేసరికి ఆరుతుంది. మందు పడిన పూలను తినడానికి, తలలో పెట్టుకోవడానికి వాడొద్దు.

మొక్కను వదులుకోవాల్సింది ఎప్పుడు?

బంతి, జినియా లాంటి ఏకవార్షిక మొక్క, అంటే ఒక్క ఏడాదిలోనే బతుకు ముగించేది, సగానికి పైగా మాడితే తీసేయండి. దాన్ని బతికించే ప్రయత్నంలో పక్కవాటికి రోజూ బీజాలు పంచుతూ ఉంటాం. మొదలు చుట్టూ కుళ్లినా అంతే. గులాబీ, కామెలియా, అజేలియా లాంటి పొదల విషయంలో తొందరపడకండి. కొమ్మ మీద గోటితో కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఎండిన కొమ్మలు తీసి, మొదలు శుభ్రం చేసి, కొత్త చిగురు కోసం ఒక రుతువు ఆగండి. మొక్క పోయిన కుండీలో మట్టి మార్చండి, కుండీని సబ్బుతో రుద్ది కడిగి, పలుచని బ్లీచింగ్ నీళ్లలో అరగంట ఉంచి, ఎండలో బాగా ఆరబెట్టాకే ఇంకో మొక్క నాటండి. కొత్తగా తెచ్చిన మొక్కను రెండు వారాలు మిగతావాటికి దూరంగా పెట్టి, రోజూ ఆకు అడుగున ఒకసారి తిప్పి చూడండి.